తెలుగు వాఙ్మయమున తురుష్క చిత్రణము: మతావేశ కారణ విచారము

కొన్ని యేండ్ల క్రిందట మేము స్నాతకోత్తర తరగతిలో విలస తామ్రశాసనమును బోధించుచుంటిమి. ప్రతాపరుద్రుని యనంతరము యవనుల పాలనలో ఆంధ్రదేశము పడిన పాట్లను వర్ణించు భాగము ముగిసినది. వెనుక వరుసలో కూర్చుండిన ముసల్మాను విద్యార్థి యొకడు లేచి, "సార్, ఈ యవనులంటే మావాళ్లేనాండీ?" అని యడిగెను. అతని కంఠమున కోపము లేదు. నిజముగా తెలిసికొనగోరి యడిగిన ప్రశ్నయే యది. తరగతి నిశ్శబ్దమయ్యెను. మేము "చారిత్రక దృష్టితో చూడవలెను" అని యేదో పలికి తరువాతి శ్లోకమునకు పోయితిమి. ఆనాడు మే మియ్యలేకపోయిన సమాధానమును ఈ వ్యాసమున వెదకుచున్నాము.

తెలుగు సాహిత్యమున ముసల్మానుల చిత్రణమును గూర్చి రెండు వాదములు ప్రచారమున నున్నవి. క్రీ. శ. 1323లో ఓరుగల్లు పడిన నాటినుండి రెండు మతముల నడుమ ఎడతెగని వైరము కలదనియు, సాహిత్యము దానికి సాక్ష్యమనియు మొదటి వాదము. అన్ని కాలములందును ఇరువురును అన్నదమ్ములవలె మెలగిరనియు, వైరమంతయు ఆంగ్లేయుల కల్పనయనియు రెండవ వాదము. మొదటిది కోపమునుండియు, రెండవది మంచి మనస్సునుండియు పుట్టినవి. కాని మొదటివారు మల్కిభరాముని మఱతురు. రెండవవారు విలస శాసనమును మఱతురు. ఈ రెండును పక్కపక్కన నుంచి చదివినపుడు మాకు తోచిన యభిప్రాయ మిది: తురుష్కుని రాక్షసునిగా చిత్రించుట మతసిద్ధాంతమునుండి నేరుగా పుట్టినది కాదు. అధికారము, భూమి, జీవిక చేజాఱినపుడు గాని, చేజాఱునను భయము కలిగినపుడు గాని, ఆ నష్టము ధర్మనష్టముగా చెప్పబడును. అట్లు చెప్పబడిన మాట జనసామాన్యమున నాటుకొన్నచో మతావేశమగును. ఈ సూత్రము ఒక మతమువారికి మాత్రమే చెల్లునది కాదని ముందుముందు చూపుదుము.

ముందుగా విలస శాసనమును పరిశీలింతము. నేలటూరి వేంకటరమణయ్య, మల్లంపల్లి సోమశేఖరశర్మ గారలు పరిష్కరించి ప్రకటించిన యీ సంస్కృత శాసనము 14వ శతాబ్ది రెండవ పాదమునకు చెందినది. ప్రతాపరుద్రుడు బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున మరణించుట, సూర్యు డస్తమించినట్లు లోకము చీకటిలో మునుగుట, విప్రులు తమ కర్మలను మానవలసివచ్చుట, విగ్రహములు భగ్నమగుట, అగ్రహారములు హరింపబడుట, కర్షకుల పంట లాగుకొనబడుట ఇందు వరుసగా వర్ణింపబడినవి. పిమ్మట ముసునూరి ప్రోలయనాయకుడు విష్ణువువలె నవతరించి అగ్రహారములను మరల నెలకొల్పెనని శాసనము చెప్పును.

ఈ వర్ణనమంతయు కల్పితమని మే మనము. ఓరుగల్లు కోటలోని స్వయంభూదేవాలయ శిథిలములు నేటికిని కన్నులకు కనబడుచున్నవి. విజేతలు రాజాలయమును కూల్చినమాట నిజము. కాని శాసనము వార్తాలేఖ కాదు. ఇది యొక దానపత్రము. దాత చతుర్థవర్ణమునకు చెందినవాడు. ఆతని వెనుక రాజవంశపరంపర లేదు. ఓరుగల్లు సింహాసనము శూన్యమైన వేళ స్వశక్తితో పైకివచ్చిన నాయకుడు తన యధికారమునకు ఆధారమును చూపవలసియున్నాడు. ప్రతిగ్రహీత బ్రాహ్మణుడు, అగ్రహారము పోవుట ఆతని వర్గమునకు జీవిక పోవుటయే. ఇచ్చువానికిని పుచ్చుకొనువానికిని ప్రయోజనకరమైన కథ ఒక్కటే: చీకటి క్రమ్మినది, సూర్యుడు వచ్చినాడు. చీకటి యెంత దట్టమైనదిగా చెప్పబడునో సూర్యుడంత వెలుగును. ప్రశస్తి రచనయందలి యీ నియమము నెఱుగనివారు దానిని ఒక సమాజముయొక్క స్వభావవర్ణనముగా చదువుదురు.

ఈ వర్ణనమునకు మూసయు అంతకు పూర్వమే యున్నది. యవనశబ్దము మొదట గ్రీకులకు పేరు. ఇస్లాము పుట్టుటకు పెక్కు శతాబ్దములకు ముందే యుగపురాణము యవనుల దండయాత్రవలన వర్ణధర్మములు తలక్రిందులైనవని వాపోయినది. ఆ కలియుగ వర్ణనలోని యవనుల స్థానమున కొత్తగా వచ్చిన విజేతలు నిలుపబడిరి. మన సంస్కృతాంధ్ర రచయితలు వీరిని తురుష్కులు, పారసీకులు, తాజికులు, యవనులు, శకులు అని పేర్కొనిరి. ఇవి యన్నియు జాతినామములు, దేశనామములు, మతనామములు కావు. ఆచార్య బ్రజదులాల్ చట్టోపాధ్యాయ 1998లో ప్రకటించిన గ్రంథమున ఈ యంశమును విస్తరించి నిరూపించిరి. అంతకు మూడేండ్లు ముందుగా 1995లో ఆచార్య సింథియా టాల్బట్, 1323 మొదలు 1650 వఱకు గల ఆంధ్రశాసనములను పరిశీలించి, తురుష్కులను రాక్షసులుగా వర్ణించుట సరిహద్దులు కదలుచున్న యుద్ధకాలమున హెచ్చుననియు, రాజ్యములు స్థిరపడినపుడు తగ్గుననియు తేల్చిరి. మతవైరమే మూలకారణమైనచో ఆ వర్ణనము కాలమునుబట్టి హెచ్చుతగ్గు లగుట కుదురదు గదా!

విలస శాసనపు సిరా యాఱకముందే జరిగిన చరిత్రయు దీనినే చెప్పుచున్నది. ప్రోలయనాయకుని వారసుడు కాపయనాయకుడు, తుగ్లకులపై తిరుగుబాటుచేసిన దక్కను అమీరులకు సాయమొనర్చెను. ఆ తిరుగుబాటునుండియే 1347లో బహమనీ రాజ్యము పుట్టినది. శాసనము చెప్పినట్లు యవనులందఱు ధర్మశత్రువులే యైనచో, ఒక యవనునిపై మఱియొక యవనునకు చేయూత నిచ్చుటను ఎట్లు సమర్థింతుము? కాపయకు వారు ఒక మతమువారుగా గాక వేఱువేఱు రాజులుగా కనబడిరి.

విజయనగర చక్రవర్తులు 14వ శతాబ్దినుండియే 'హిందూరాయసురత్రాణ' బిరుదమును ధరించిరి. సుల్తాను అను పదమే 'సురత్రాణ'యై, సురలను రక్షించువాడను అర్థమును గూడ సంపాదించుకొన్నది. రెండవ దేవరాయల సేవకుడగు అహమ్మదుఖాను 1439లో విజయనగరమున తాను కట్టించిన మసీదును కన్నడ శాసనమున 'ధర్మశాల' యని పేర్కొని, ఆ పుణ్యమును తన రాజునకు సమర్పించెను. శ్రీకృష్ణదేవరాయల బిరుదములలో 'యవనరాజ్యస్థాపనాచార్య' యొకటి. ఆ యుగపు కావ్యములలో యవనసేనలను మర్దించుట స్తుతివిషయము. యవనరాజ్యమును నిలుపుటయు స్తుతివిషయమే. ఒక్క ప్రభువునకే యీ రెండు ప్రశంసలును చెల్లినపుడు, అందలి 'యవన' శబ్దము మతవాచకము కాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇందుకు ప్రతికూలముగా చూపదగిన గ్రంథము రాయవాచకము. విజయనగర వైభవము తల్లికోట యుద్ధముతో 1565లో అంతరించినది. ఆ వెనుక 16వ శతాబ్ది ముగియుచున్న కాలమున మధుర నాయకుల యాస్థానమున నిది వ్రాయబడినదని 1993లో దీని నాంగ్లీకరించిన ఆచార్య ఫిలిప్ వాగనర్ నిర్ణయించిరి. ఇందు దక్కను సుల్తానులు మిక్కిలి హీనముగా చిత్రింపబడిరి. రాజ్యనష్టము జ్ఞప్తియందు పచ్చిగా నున్నకాలపు రచన గనుక ఇది మా సూత్రమునకు అనుగుణమే. కాని యందే గమనింపదగిన విశేష మొకటి కలదు. లోకమున ధర్మబద్ధములైన సింహాసనములు మూడని యీ గ్రంథము చెప్పును: అశ్వపతి, గజపతి, నరపతి. గజపతి జగన్నాథుని యంశము, నరపతి వేంకటేశ్వరుని యంశము. అశ్వపతి యనగా ఢిల్లీ ప్రభువు. ఆతడు కాశీ విశ్వేశ్వరుని యంశము! తురుష్కులను ఇంతగా దూషించిన గ్రంథము సైతము దూరమున నున్న ముసల్మాను చక్రవర్తిని దైవాంశసంభూతునిగా నంగీకరించినది. రాయవాచకకర్త కోపము తన ప్రభువుల రాజ్యమును చెఱచినవారిపైననే గాని, వారు కొలుచు దేవునిపై కాదు.

అదే శతాబ్దిలో గోలకొండవైపు చూచినచో వేఱొక చిత్రము కానవచ్చును. ఇబ్రహీం కుతుబుషా రాజగుటకు పూర్వము 1543 మొదలు 1550 వఱకు విజయనగరమున నాశ్రయము పొందెను. తెలుగు కవులు ఆతనిని 'మల్కిభరాము'డని తమ నుడికారములో చేర్చుకొనిరి. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఆతనికి అంకితమిచ్చెను. పొన్నికంటి తెలగన్న తన యయాతిచరిత్రమును పటాన్‌చెరువు అమీనుఖానున కంకితము చేసెను. అచ్చతెలుగు కావ్యములలో నిదియే మొదటిది. సంస్కృతపదము నైనను చొరనీయని కవి కావ్యమునకు కృతిపతి ఖాను! ఈ మల్కిభరాముడే తల్లికోటలో విజయనగరమునకు ఎదురునిలిచినవారిలో నొకడు. ఒకడే మనుష్యుడు తెలుగు కవికి పోషకుడు, విజయనగర పక్షమువారికి ధ్వంసకుడు. కావున చిత్రమును చూచునపుడు చిత్రించువాడు నిలిచిన చోటును గూడ చూడవలెను.

గోలకొండ కడపటి ప్రభువగు తానీషా రామదాసును చెఱపెట్టెను. అయినను జనులు చెప్పుకొను కథలో, భక్తునకంటె ముందుగా రాముని దర్శనము తానీషాకే లభించును. శిక్షించిన రాజునకు ఇంతటి భాగ్యము నిచ్చిన కథను మతద్వేషము గల ప్రజ కల్పింపజాలదు. ఇక 18వ శతాబ్దిలో సింహాచలముపై ముసల్మాను సేనలు వచ్చినపుడు గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకమును చెప్పెను. అందలి కోపము తీక్ష్ణమైనదే. కాని కవి నిలదీసినది ప్రధానముగా తన దేవునినే. నిందాస్తుతి సంప్రదాయమున ఆపదను కలిగించినవాడు నిమిత్తమాత్రుడు. ఉపేక్షించిన దైవమే ముద్దాయి.

ఇంతవఱకు ద్వేషమున్నను అది పరిమితము. అది ఫలాని సేన, ఫలాని సర్దారు, ఫలాని యుద్ధముపై నిలిచినది. దానిని సర్వకాలములకును, సర్వజనులకును వ్యాపింపజేసినది 19వ శతాబ్ది చరిత్రరచన. 1817లో వెలువడిన జేమ్సు మిల్లు భారతచరిత్ర మన కాలమును హిందూయుగము, మహమ్మదీయయుగము అని మతముల పేర విభజించెను. తనవారి పాలనకు మాత్రము క్రైస్తవయుగమని పేరు పెట్టలేదు. పిమ్మట జనాభా లెక్కలు ప్రతి గ్రామమునందును మనుష్యులను మతముచొప్పున లెక్కించెను. 1900లో రాబర్టు స్యూయెలు విజయనగరమును మహమ్మదీయ ప్రవాహమున కడ్డుకట్టగా వర్ణించెను. ఈ పుస్తకములను చదివిన మన తొలితరము నాటకకర్తలు, నవలాకారులు పాత ప్రశస్తులను కొత్త కన్నులతో చూచిరి. పరపాలనలో నున్నవారు పూర్వవైభవమును తలచుకొనుట సహజము. పాలించువానిని నేరుగ నిందింప వీలులేనపుడు పూర్వపు పాలకుని నిందించుటయు సహజమే. వేదము వేంకటరాయశాస్త్రిగారి ప్రతాపరుద్రీయము (1897) పాత్రోచితభాషకు పేరుగన్న నాటకము. అందలి తురకల మాటతీరు రచయిత నేర్పునకు నిదర్శనము. అయితే తరువాతి రంగస్థలమును, చలనచిత్రమును ఆ నేర్పును విడిచి, 'తురక తెలుగు'ను నవ్వుకొఱకు వాడుకొన్నవి. రాక్షసుడు గానిచో విదూషకుడు: వేదికపై ముసల్మానునకు మిగిలిన వేషములు తఱచు ఈ రెండే. పిఠాపురమున ఉమర్ ఆలీషా (1885-1945) వంటి ముసల్మాను కవి నిర్దుష్టమైన తెలుగులో పద్యములు, నాటకములు రచించుచుండిన కాలమునందును ఈ మూస చెదరలేదు.

ఇపుడు సూత్రముయొక్క రెండవ పార్శ్వమును చూతము. హైదరాబాదు సంస్థానమున ముసల్మానులు జనాభాలో సుమారు ఎనిమిదవ వంతు. కాని ప్రభుత్వోద్యోగములలో వారిదే పైచేయి. ప్రజాస్వామ్యము వచ్చినచో ఈ స్థితి నిలువదని విద్యావంతులైన ఉద్యోగులకు తెలియును. 1927లో మజ్లిసు ఏర్పడినది. బహదూర్ యార్ జంగు నాయకత్వమున 'అనల్ మాలిక్' అను నినాదము ప్రబలినది. రాజ్యాధికారము నిజాముది మాత్రమే కాదనియు, ప్రతి ముసల్మానును దానికి భాగస్వామియే యనియు దీని తాత్పర్యము. రిక్షా లాగువానికిని, బీడీలు చుట్టువానికిని ఈ నినాదము ఏ యధికారమును ఇయ్యలేదు. పోవనున్నది నీ రాజ్యమే యను భయమును మాత్రమిచ్చినది. 1944లో బహదూర్ యార్ జంగు మరణింపగా, 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ చేతికి ఉద్యమము చిక్కినది. రజాకారుల దౌర్జన్యము తెలంగాణమున ఎట్టిదో 1948 ఆగస్టున బైరాన్‌పల్లి యెఱుగును. అదే మాసమున భారత యూనియనుతో విలీనమును సమర్థించిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖానును హంతకులు నడివీథిలో చంపిరి. ఆతడును ముసల్మానే. మతావేశము తన మతమునందలి భిన్నాభిప్రాయమును గూడ సహింపదు.

విలస శాసనమున రాజ్యము పోయిన పిదప పుట్టిన భాషయే, ఇచట రాజ్యము పోవునను భయమువలన పుట్టినది. అధికారనష్టమును ధర్మనష్టముగా చెప్పుట రెండుచోట్లను సమానము. భేదమొకటి కలదు: ప్రోలయనాటి మాట రాగిరేకుపై నిలిచినది, రజ్వీనాటి మాట సభలలోను, పత్రికలలోను జనసామాన్యమునకు చేరినది.

1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన పోలీసుచర్య అయిదు దినములలో ముగిసినది. రజాకారుల నేరమునకు వెల చెల్లించినవారు మాత్రము తఱచు రజాకారులు కారు. నెహ్రూ ప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము, ముఖ్యముగా మరాఠ్వాడా జిల్లాలలో చనిపోయిన ముసల్మానుల సంఖ్య 27,000 మొదలు 40,000 వఱకు నుండునని యంచనా వేసెను. ఆ నివేదిక 2013 ప్రాంతము వఱకు సామాన్యులకు అందుబాటులోనికి రాలేదు. కొందఱి నేరమును అందఱి స్వభావముగా చదువుట వ్యాఖ్యానదోషము. ఆ దోషము వీథిలోనికి వచ్చినపుడు ఫల మిట్లుండును.

ఈ దోషమున చిక్కుకొనని తెలుగు కవులు లేకపోలేదు. దాశరథి నిజామును ఎదిరించి చెఱసాల ననుభవించినవాడు. అగ్నిధార (1949) ఆ యనుభవఫలము. ఆ కవియే 1961లో గాలిబు గీతాలను తెలుగువారి కందించెను. రాజుపై కోపము రాజభాషపై ద్వేషముగా మాఱలేదు. జాషువ పిరదౌసి (1932)లో మహమూదు సుల్తాను మాటతప్పిన ప్రభువు; ఆతనివలన కడగండ్లు పడినవాడు ఆ మతమునకే చెందిన కవి. పాలకుడు, పీడితుడు అను విభాగము మతవిభాగముకంటె లోతైనదని జాషువ తన జీవితమునుండియే నేర్చెను. సుంకర, వాసిరెడ్డి గారల 'మా భూమి' (1947) నాటకమునకు, దేశ్‌ముఖు మనుష్యుల చేతిలో హతుడైన బందగీ యను పేదరైతు పోరాటము ప్రేరణమిచ్చినది. అందు భూమికొఱకు పోరాడినవాడు ముసల్మాను, భూమిని మ్రింగినవాడు హిందువు. ఐనను నాటకము దానిని మతకలహముగా చూపలేదు.

1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వెలువడినది. చరిత్రపుస్తకము మోపిన నింద పుట్టుకతోనే ఒంటికంటిన గుర్తువలె వెంటాడుటను గూర్చిన దీర్ఘకవిత యిది. 1998లో స్కైబాబ సంపాదకత్వమున వచ్చిన 'జల్‌జలా' సంకలనమును ఆ దారిలోనిదే. వీనిని సాహిత్యచరిత్రలో 'ముస్లింవాదము' అను ప్రత్యేకశీర్షికక్రింద చేర్చి వేఱుగ బోధించుచున్నాము. మా దృష్టిలో నిది చాలదు. పుట్టుమచ్చ విలస శాసనమునకు ఏడు శతాబ్దుల దరిదాపున వచ్చిన ప్రత్యుత్తరము. రెండింటిని ఒక్క తరగతిలో చదివింపవలెను.

మతము నిరపరాధి యని చెప్పుట మా యుద్దేశము కాదు. అధికారము పోయినవాని దుఃఖమునకు పవిత్రమైన మాటలను సిద్ధముగా నుంచి యిచ్చునది మతమే. ఆ మాటలు లేనిచో దుఃఖము ఆవేశముగా మాఱుట యింత సులభము కాదు. మా వాదమెల్ల ఆ మాటలను చదువు పద్ధతిని గూర్చియే. ఏ ప్రశస్తి, ఏ శతకము, ఏ నాటకము చేతికి వచ్చినను మూడు ప్రశ్నలు వేయవలెను. చెప్పుచున్నవా డెవడు? ఆతడు పోగొట్టుకొన్నది, కోరుచున్నది యేమి? ఇది యే ప్రక్రియ, దాని మూస యెప్పటిది? ఈ ప్రశ్నలు వేయక పాఠము చెప్పు ఉపాధ్యాయుడు, తా నెఱుగకయే, నాలుగు గోడల నడుమ ఒక విద్యార్థిని ముద్దాయిగా నిలువబెట్టును. మేము ఒకనాడు నిలువబెట్టితిమి.

ఆ విద్యార్థి మరల అడిగినచో నేడిట్లు చెప్పగలము: "నాయనా, ఆ యవనులు నీవారు కారు, నావారును కారు. వారొక రాజు సైనికులు. ఆ శాసనము ఇంకొక నాయకుని దానపత్రము. కూలిన గుడి మనయిద్దఱిది. తరువాత దాని పేర మనయిద్దఱికి చెప్పబడిన కథలోని తప్పొప్పులను పరిశీలించు బాధ్యతయు మనయిద్దఱిదే." ఈ సమాధానము ఆతనిని తృప్తిపఱచునో లేదో చెప్పజాలము. కాని తరువాతి శ్లోకమునకు తొందరపడి పోవుటకంటె ఇది మేలని మా నమ్మకము.